కవరు విప్పండి, తారీఖు చూడండి

శ్రోతలందరికీ నమస్కారం.

కొట్టు నడిపేవాళ్లు, హోటల్ పెట్టుకున్నవాళ్లు, నలుగురైదుగురిని పనిలో పెట్టుకుని ఏదో ఒక వ్యాపారం చేసుకునేవాళ్లు ఈ పూట నా మాట కాస్త వినాలి. లేబర్ ఆఫీసు నుంచి నోటీసు వస్తే ఏం చేయాలో చెబుతాను. ఇరవై ఏళ్లకు పైగా మా బజారులో చిన్న కొట్ల లెక్కలు రాస్తున్నాను. నోటీసు వచ్చిందని కంగారుగా నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది అసలు దాన్ని చదవకుండానే వచ్చారు. కవరు విప్పరు. విప్పినా, పైన ఆఫీసు పేరు చూసి మళ్లీ మడిచి గల్లాపెట్టెలో పెట్టేస్తారు. అక్కడే సగం నష్టం జరిగిపోతుంది.

నాలుగేళ్ల కిందటి సంగతి, సంక్రాంతి అయిపోయిన కొత్తల్లో. బట్టల కొట్టు యజమాని ఒకాయన సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మా ఇంటికి వచ్చారు. ఆయన్ని నేను అన్నయ్యగారూ అంటాను, ఆయన నన్ను చెల్లెమ్మా అంటారు. ‘ఇది కాస్త చూడు చెల్లెమ్మా’ అని రిజిస్టర్డ్ పోస్టు కవరు ఒకటి బల్ల మీద పెట్టారు. కవరుకు కుంకుమ అంటుకుని ఉంది. వచ్చిన రోజే దేవుడి పటం వెనక పెట్టారట. నోటీసు అందిన పది రోజుల్లోగా జవాబు ఇవ్వాలని అందులో ఉంది. అప్పటికి ఎనిమిది రోజులు గడిచిపోయాయి.

నోటీసులో రాసింది రెండే విషయాలు. కొట్లో పనిచేసే నలుగురికి కనీస వేతనం కంటే తక్కువ ఇస్తున్నారని ఒకటి. హాజరు, జీతాల రిజిస్టర్లు చూపించలేదని రెండోది.

‘రిజిస్టర్ల గురించి టెన్షన్ లేదమ్మా, మా మేనల్లుడు రాత్రంతా కూర్చుని రాసేశాడు’ అన్నారు. సంచిలోంచి తీసి చూపించారు. కొత్త రిజిస్టరు, ఇంకా జిగురు వాసన వస్తోంది. ఏప్రిల్ నుంచి జనవరి దాకా ఒకే పెన్ను, ఒకే రాత. ఒక్క కొట్టివేత లేదు. ఎవరూ ఒక్క రోజు కూడా సెలవు పెట్టలేదు. పేజీలు తిప్పుతూ కనుమ రోజు దగ్గర ఆగాను. ఆ రోజు బజారంతా తాళాలు వేసి ఉంది, వీళ్ల కొట్టు కూడా. రిజిస్టరులో మాత్రం నలుగురూ హాజరు! వెనక్కి తిప్పి ఏప్రిల్ చూశాను. కుట్టుమిషను దగ్గర కూర్చునే అమ్మాయి సంతకం ఉంది. ఆ అమ్మాయి పనిలో చేరింది జూన్‌లో.

‘అన్నయ్యగారూ, ఇది ఆఫీసులో పెడితే ఉన్న తప్పు పోదు, కొత్త తప్పు వచ్చి పడుతుంది. మామూలుగా మీరు జీతాలు ఇచ్చేటప్పుడు దేంట్లో రాసుకుంటారో అది తీసుకురండి’ అన్నాను. ఎర్ర అట్ట చిట్టా పుస్తకం తెచ్చారు. అంచులు నలిగిపోయి, మీద టీ మరకలు. అందులో అన్నీ ఉన్నాయి. ఏ నెల ఎవరికి ఎంత ఇచ్చారో ఉంది, పక్కనే వాళ్ల సంతకాలు. ‘పండగ అడ్వాన్సు 2,000’, ‘కూతురి ఫీజుకు 1,500’. దీనికి మించిన సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది! ఆ పుస్తకం ఆయనకు సిగ్గుగా అనిపించింది. నాకు మాత్రం దాన్ని చూశాకే ధైర్యం వచ్చింది.

ఇక జీతం సంగతి. మన రెండు రాష్ట్రాల్లోనూ కనీస వేతనంలో బేసిక్‌తో పాటు డీఏ, అంటే కరువు భత్యం, ఉంటుంది. ధరల సూచీని బట్టి ఆ డీఏ ఏటా ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది. అన్నయ్యగారు జీతం ఖాయం చేసినప్పుడు సరిగ్గానే చేశారు. ఆ తర్వాత దాన్ని కదపలేదు. ఏప్రిల్ నుంచి మనిషికి నెలకు 380 రూపాయలు, అక్టోబర్ నుంచి 640 రూపాయలు తక్కువ పడుతోంది. డిసెంబరు దాకా లెక్కేస్తే ముగ్గురికి తలా 4,200, జూన్‌లో చేరిన అమ్మాయికి 3,440. మొత్తం 16,040 రూపాయలు. ఇంతే. ఈ మొత్తానికి ఆయన ఎనిమిది రాత్రులు నిద్రపోలేదు.

అప్పుడు ఆయన ఒక మాట అడిగారు. ‘మా మీద ఈ ఫిర్యాదు ఎవరు రాశారో కనుక్కోవచ్చా?’ ఆ ప్రశ్న ఈ నోటికి ఆ నోటికి మారి నేను చాలాసార్లు విన్నాను. ఎవరు రాస్తే ఏం? పెద్ద కౌంటర్ దగ్గర పదేళ్లుగా నిలబడిన మనిషికి నెలకు ఆరు వందలు తగ్గితే ఇంట్లో ఒక గ్యాస్ బండకు కటకట. ఎవరో ఒకరి మీద అనుమానం పెట్టుకుని మానిపించారనుకోండి, చిన్న లెక్క కాస్తా పెద్ద తగాదా అవుతుంది. ఆ మాట గట్టిగానే చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘సరేనమ్మా, రాయి’ అన్నారు.

ఒకే పేజీ జవాబు రాశాం. ఫలానా నంబరు నోటీసు ఫలానా తేదీన నాకు అందింది. జీతాల్లో తేడా ఉన్న మాట నిజం, లెక్క ఇదిగో, ఈ మొత్తాన్ని నలుగురి బ్యాంకు ఖాతాల్లో వేశాను, రసీదులు జతపరిచాను. పద్ధతి ప్రకారం రిజిస్టర్లు లేవు, ఉన్న చిట్టా పుస్తకం చూపిస్తున్నాను, ఈ నెల నుంచి రిజిస్టర్లు మొదలుపెట్టాను. అంతే. బతిమాలడం లేదు, దబాయింపు లేదు. అధికారి చిట్టా పుస్తకం పేజీ పేజీ తిప్పి చూశారు. పనివాళ్లను విడిగా కూర్చోబెట్టి అడిగారు. వాళ్లు చెప్పిందీ పుస్తకంలో ఉన్నదీ ఒక్కటే. వ్యవహారం అక్కడితో ముగిసింది.

ఇప్పుడు చట్టం మారింది. 1948 నాటి కనీస వేతనాల చట్టం స్థానంలో వేతనాల కోడ్, 2019 వచ్చింది. 2025 నవంబర్ 21 నుంచి అది అమల్లో ఉంది. ఇందులో చిన్న వ్యాపారులు తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. రిజిస్టర్లు సరిగ్గా లేకపోవడం, జీతం స్లిప్పులు ఇవ్వకపోవడం లాంటి పొరపాట్లకు అధికారి నేరుగా కేసు పెట్టకూడదు. ముందుగా రాతపూర్వకంగా చెప్పి, సరిచేసుకోవడానికి గడువు ఇవ్వాలి. ఆ గడువులోపు సరిచేసుకుంటే కేసు ఉండదు. కానీ అయిదేళ్లలోపు మళ్లీ అదే తప్పు చేస్తే ఈ అవకాశం రాదు. ఇంకో సంగతి, జీతమే తక్కువ ఇస్తే ఈ వెసులుబాటు వర్తించదు. దానికి 50,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు. పైగా పనివాళ్లు బకాయి అడిగితే, ఇచ్చామని రుజువు చేసుకోవాల్సింది యజమానే. అందుకే చేతికి ఇచ్చే జీతాన్ని బ్యాంకులో వేయమని నేను పదే పదే పోరుతుంటాను.

ఇంతా చెప్పాక, మీరు చేయాల్సిన మొదటి పని చాలా చిన్నది. కవరు విప్పండి. తారీఖు చూడండి. అందిన తేదీని కవరు మీదే పెన్నుతో రాయండి. ఆ కవరు పారేయకండి. గడువు ఆ రోజు నుంచే లెక్క. గడువు చాలదనిపిస్తే, అది ముగియకముందే మరికొన్ని రోజులు కావాలని, ఎందుకు కావాలో కారణంతో సహా ఒక ఉత్తరం రాసివ్వండి. ఏది ఇచ్చినా రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండో దాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి. అన్నయ్యగారు ఆ ముద్ర పడిన కాగితాన్ని ఎర్ర అట్ట పుస్తకంలోనే పెట్టుకున్నారు. ఇప్పటికీ అక్కడే ఉంది.

సెలవు. నమస్కారం.