నికొడెమస్ ఎక్కడుంది?

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే మూడుసార్లు విన్నారు, నేను మళ్ళీ చదవను. ఉగాది సభలో ‘మన వారసత్వం’ మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. అమెరికాలో ఈ కాన్సాస్ రాష్ట్రంలో ఉంటున్నాం కాబట్టి కాన్సాస్ ఊరి గురించే చెబుతాను. కార్యదర్శిగారూ, టెన్షన్ పడకండి. ఉగాది పచ్చడి చల్లారిపోయేదేం కాదు.

ఆ ఊరు నికొడెమస్. గ్రాహం కౌంటీలో, 24వ నంబరు హైవే మీద ఉంది. మేయరు లేడు, మున్సిపాలిటీ లేదు. ఇప్పుడు ఉంటున్నది గుప్పెడు మంది.

1865లో అమెరికాలో బానిసత్వం పోయింది గానీ, ఈ దేశపు దక్షిణాదిలో నల్లవాళ్ళకి భూమీ రాలేదు, భద్రతా రాలేదు. 1877లో ఇక్కడ నల్లవాళ్ళ కోసం ఊరు కడుతున్నామని కరపత్రాలు పంచితే కెంటకీ రాష్ట్రం నుంచి వందల మంది బయల్దేరారు. రైలు ఎల్లిస్ అనే ఊరి దాకానే. అక్కణ్ణుంచి మైళ్ళకొద్దీ నడక.

విలియానా హిక్‌మన్ అనే ఆవిడ 1878లో భర్తా పిల్లలతో వచ్చింది. ఎల్లిస్‌లో పిల్లలకి తట్టు సోకింది. అయినా ఆగలేదు, రెండు రోజులు ప్రయాణం చేశారు. ముందున్నవాళ్ళు ‘అదిగో నికొడెమస్’ అని కేకలేశారు. ఈవిడ ఎంత చూసినా ఊరు కనపడలేదు. ఎక్కడని అడిగితే నేలలోంచి లేస్తున్న పొగ చూపించారు. మనుషులు గుంతలు తవ్వుకుని అందులో కాపురముంటున్నారు! ఆవిడ ఏడ్చేసింది. వెనక వరుస బాబులూ, ఫోన్లు కాసేపు జేబులో పెట్టండి. మనం దిగినప్పుడు ఎయిర్‌పోర్టుకి ఎవరో ఒకరు కారేసుకుని వచ్చారు కదా?

అంతా ఏడుస్తూ కూర్చోలేదు. బడి, చర్చి, హోటలు కట్టారు. అక్కడ ఉన్న ఎడ్వర్డ్ మెకేబ్ 1882 ఎన్నికల్లో గెలిచి, రాష్ట్ర ప్రభుత్వ లెక్కలు చూసే ఆడిటరయ్యాడు. ఇప్పుడు రైలు సంగతి, నేను చెప్పాలని వచ్చిందే ఇది. రైలు తమ ఊరి మీదుగా రావాలని 1887లో 16,000 డాలర్ల బాండ్లకు, అంటే రైలు కోసం అప్పు తెచ్చే పత్రాలకు, ఓటేశారు. రాలేదు. మరుసటి ఏడు యూనియన్ పసిఫిక్ లైను సాలొమన్ నదికి అవతల పడింది. కొట్లవాళ్ళు సామాను సర్దుకుని స్టేషను పక్కకి వెళ్ళిపోయారు. బోగ్ అనే ఊరు అలాగే లేచింది.

దీన్ని దురదృష్టం అంటే నేను ఒప్పుకోను. గీత గీసేవాడు ఒకడుంటాడు. మా ఊరికి బైపాస్ వేసినప్పుడూ అంతే. బస్సు ఊళ్ళోకి రావడం మానేసింది. అర్జీలు పెట్టాం, ధర్నా చేశాం. మా అమ్మ మందులకోసం ఎండలో రోడ్డు దాకా నడిచేది. సరే, అది వేరే కథ. వేరే కథ కూడా కాదులెండి.

నికొడెమస్‌లో పోస్టాఫీసు 1953లో మూసేశారు. కానీ ఊరు వదిలి వెళ్ళినవాళ్ళ పిల్లలు, మనవలు ఏటా జులై చివర్లో పండగకి తిరిగొస్తారు. 1996లో దేశం దాన్ని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది. ఆ గుర్తింపు కోసం పట్టుబట్టింది ఆ ఊరివాళ్ళే.

మన సంఘం పిక్నిక్ ఏటా అదే పార్కు, అదే బిర్యానీ. ఈసారి ఒక బస్సు మాట్లాడి వాళ్ళ పండగకి వెళదాం. వచ్చేవాళ్ళు భోజనాల దగ్గర పేర్లు రాయించండి. పిల్లలు రామంటే కూడా తీసుకురండి. కార్యదర్శిగారు రెండో చీటీ కూడా పంపారు, దిగిపోతున్నాను.