ట్రైనర్ మీద తొక్కే సైకిలుకు ఏ టైరు?

శ్రోతలకు నమస్కారం. వానలు మొదలయ్యాయంటే హైదరాబాద్‌లో సైకిలు తొక్కేవాళ్లకు దిగులే. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ 2023 నుంచి ఉంది. కానీ ఉప్పల్‌లో ఉండేవాళ్లు ఆఫీసు టైముకు ముందు నార్సింగి దాకా వెళ్లి రాలేరు కదా! అందుకే చాలామంది ఇంట్లో ట్రైనర్, అంటే సైకిలు ముందుకు కదలకుండా ఉన్నచోటే తొక్కేలా పట్టి ఉంచే పరికరం, బిగించుకుంటున్నారు.

వెనక చక్రం పూర్తిగా తీసేసి బిగించే ట్రైనర్‌కు టైరు గొడవే లేదు. శబ్దం తక్కువ, ధర ఎక్కువ. మనలో చాలామంది కొనేది రెండో రకం. అందులో వెనక టైరు ఒక లోహపు రోలర్‌కు ఆనుకుని తిరుగుతుంది.

ఇక్కడే టైరుకు కష్టకాలం. రోడ్డు మీదైతే ఎదురుగాలి దాన్ని చల్లబరుస్తుంది. గదిలో ఆ గాలి ఉండదు. రోలర్ ఒత్తిడికి, రాపిడికి రబ్బరు వేడెక్కుతుంది, టైరు నడిమి భాగం అరిగి చదునైపోతుంది, నల్లటి పొడి నేల మీద రాలుతుంది. ట్రైనర్ కోసమే చేసిన టైర్లలో గట్టి రబ్బరు వాడతారు. అవి వేడికి బాగా తట్టుకుంటాయి. వాటితో రోడ్డెక్కవద్దు, తడి రోడ్డు మీద అసలే వద్దు. పట్టు ఉండదు, మలుపులో జారిపోతాయి. ఈ మాట మరీ మరీ చెబుతున్నాను.

గుబ్బల టైరు ఉన్న మౌంటెన్ బైక్ అయితే ఇల్లంతా మోత, కింది ఫ్లాట్ వాళ్లకు కూడా. నున్నటి టైరు వేయాల్సిందే. సైజు చూసి కొనండి. టైరు పక్కన రిమ్ము వ్యాసం మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది. అక్కడ 622 అని ఉంటే అది 700సి అనే సైజు చక్రం. 29 అంగుళాల చక్రం రిమ్ము కొలత కూడా అదే. 27.5 అంగుళాలకు 584, 26 అంగుళాలకు 559. ఈ అంకె కలవకపోతే టైరు రిమ్ముకు ఎక్కదు. టైరు వెడల్పు రిమ్ముకు, ట్రైనర్‌కు సరిపడుతుందో లేదో కూడా చూసుకోండి.

ప్రతిసారీ టైరు మార్చడం విసుగు. నా సలహా అడిగితే, పాత అల్యూమినియం వెనక చక్రం ఒకటి సంపాదించి, ట్రైనర్ టైరు దానికే వేసి ఉంచండి. ఖరీదైన చక్రం ఇక్కడ దండగ, తేలిక బరువుతో ఇంట్లో ఒరిగేదేమీ లేదు. వంకర లేకుండా సూటిగా తిరిగితే చాలు. కాసెట్, అంటే వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రాల గుత్తి, మాత్రం మీ చెయిన్‌కు సరిపోయేదే ఉండాలి. వెనక 9 గేర్లున్న సైకిలుకు 9 గేర్లదే.

ఎక్కే ముందు గేజి పెట్టి గాలి చూడండి, టైరు మీద రాసిన హద్దు దాటకుండా రోజూ ఒకే ఒత్తిడి ఉంచండి. రోలర్‌ను కూడా ప్రతిసారీ అంతే బిగించండి. వదులైతే గట్టిగా తొక్కినప్పుడు టైరు జారి ఇంకా అరుగుతుంది. మీ తొక్కుడు బలాన్ని కొలిచి చూపించే స్మార్ట్ ట్రైనర్ ఉన్నవాళ్లు ఓ పది నిమిషాలు తొక్కి, టైరు వేడెక్కాకే క్యాలిబ్రేషన్ (కొలత సరిచూసుకోవడం) చేయండి. చల్లటి టైరుతో చేస్తే ఆ రోజు కనిపించే వాట్స్ లెక్క, అంటే ఆ బలం లెక్క, నమ్మదగినది కాదు.