ఇరవై నిమిషాల గాజు గొట్టం

(జాతీయ సైన్స్ దినోత్సవం రోజున తిరుపతిలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, వైస్ ఛాన్సలర్ గారికి, ఇంత ఎండలో వచ్చి కూర్చున్న పిల్లలకు నమస్కారం. శాలువాలు, దండలు చివర్లో పెట్టుకుందామని నిర్వాహకులను నేనే అడిగాను. నాకిచ్చింది అరగంట. చెప్పాల్సిందేమో పదిహేనేళ్లుగా లోపల పెట్టుకున్నది.

అంశం మీకు తెలుసు. వైద్య పరిశోధన ల్యాబ్ నుంచి రోగి దాకా వెళ్లడానికి యూనివర్సిటీలు డబ్బు ఎలా పెట్టాలి అని. దానికి వస్తాను. ముందు ఒక మాట అడుగుతాను. మీ ఇంట్లోగానీ మీ ఊళ్లోగానీ పాము కరిచినవాళ్లు మీకెవరైనా తెలుసా? తెలిస్తే చేతులెత్తండి.

చూడండి సార్, వెనక వరుసల్లో దాదాపు అందరూ ఎత్తారు. శెనక్కాయ చేలల్లో, చెరుకు తోటల్లో పెరిగిన పిల్లలు వీళ్లు. దేశంలో ఏటా సుమారు 58 వేల మంది పాముకాటుతో చనిపోతున్నారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్క కట్టింది. మరణాలు ఎక్కువున్న రాష్ట్రాల్లో మనదీ ఉంది.

పాము కరిచిందని ఆసుపత్రికి పోతే ముందు ఏం చేస్తారో చెబుతాను. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కొత్త గాజు గొట్టంలో పోసి, కదపకుండా నిలబెడతారు. ఇరవై నిమిషాలయ్యాక మెల్లగా వంచి చూస్తారు. గడ్డకట్టిందా, సరే. ఇంకా నీళ్లలా జారుతోందా, రక్తపింజర విషం ఒంట్లోకి ఎక్కిందని అర్థం. వెంటనే పది వయల్స్ దాకా విషానికి విరుగుడు మందు ఎక్కిస్తారు. గొట్టం ప్లాస్టిక్‌దైనా, సబ్బునీళ్లతో కడిగిందైనా ఫలితం తప్పు వస్తుంది. అందుకే ఆ చిన్న గాజు గొట్టానికి అంత విలువ. పైసా ఖర్చు లేని పరీక్ష, ఎన్నో ప్రాణాలు కాపాడింది. దానికి నేను చేతులెత్తి మొక్కుతాను.

కట్లపాము దగ్గర మాత్రం ఆ గొట్టం పనిచేయదు. కట్లపాము రాత్రిపూట ఇంట్లోకి వచ్చి, కింద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, చాలాసార్లు గాటు కూడా కనపడదు. తెల్లారుజామున కడుపునొప్పితో లేస్తారు. కాసేపటికి రెప్పలు వాలతాయి, మాట ముద్దగా వస్తుంది, ఆ తర్వాత ఊపిరి తీసే కండరాలు పడిపోతాయి. గొట్టంలో రక్తం మాత్రం చక్కగా గడ్డకడుతుంది.

నా దగ్గర పీహెచ్‌డీకి చేరిన ఒక అమ్మాయి వాళ్ల చిన్నాన్న అట్లాగే పోయాడు. పాకాల పక్కన పల్లె. వసారాలో పడుకున్నాడు, నాలుగింటికి కడుపు పట్టుకుని లేచాడు. గ్యాస్ అనుకుని సోడా తాగించారు. ఆరింటికి కళ్లు తెరవలేకపోతుంటే నిద్రమత్తు అనుకున్నారు. ఆటో దొరికేసరికి ఏడున్నర. ఆ అమ్మాయి నాకు ఈ కథ చెప్పి, “సార్, ఒక్క చుక్క రక్తంతో విషం ఉందో లేదో చెప్పే స్ట్రిప్ చేద్దాం” అంది. మందుల షాపులో దొరికే గర్భ పరీక్ష పట్టీ చూశారు కదా, అట్లాంటిదే.

నాలుగేళ్లు చేశాం. పాములు పట్టే గిరిజనులైన ఇరుళర్లు 1978లో పెట్టుకున్న సహకార సంఘం చెన్నై, మహాబలిపురం రోడ్డులో పాముల విషం తీస్తోంది. అక్కడి నుంచి అనుమతులతో విషం తెప్పించాం. ఆ విషాన్ని గుర్తుపట్టి అతుక్కునే యాంటీబాడీలను కుందేళ్లలో తయారుచేశాం. ఒకరోజు సాయంత్రం ఆరుదాటాక, విషం కలిపిన సీరం చుక్క వేసి ఇద్దరం తల వంచి చూస్తున్నాం. ముందు ఒక గీత వచ్చింది. అది ఎట్లాగూ వస్తుంది. ఇంకో రెండు నిమిషాలకు దాని కింద లేత గులాబీ రంగులో రెండో గీత, వెంట్రుకంత సన్నగా. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. స్ట్రిప్‌ను టిష్యూ పేపర్ మీద పెట్టి, పక్కన తేదీ, టైము రాసింది.

ఇక్కడి దాకా డబ్బుకు కొరత లేదు. ఢిల్లీ నుంచి ప్రాజెక్టు ఉంది. రెండు పేపర్లు అచ్చయ్యాయి. మాకు సన్మానం కూడా చేశారు.

ఆ తర్వాత కావలసింది 18 లక్షలు. ఒకే తీరుగా రెండు వేల స్ట్రిప్పులు తయారుచేయించాలి. మే నెలలో మన పల్లెల్లో ఏసీ లేని పీహెచ్‌సీ బీరువాలో ఏడాది పెట్టినా పాడవవని చూపించాలి. ఎథిక్స్ కమిటీ అనుమతితో మూడు వందల మంది రోగుల రక్తం మీద సరిచూడాలి. ఇందులో కొత్త సైన్స్ ఏమీ లేదు, ఓపికగా చేసే పని. ఢిల్లీవాళ్లు సరిగ్గా అదే మాట రాశారు, “ఇందులో నూతనత్వం లేదు” అని. ఒక కంపెనీని అడిగితే, ముందు ఆసుపత్రి ఫలితాలు తెండి అన్నారు. మా యూనివర్సిటీని అడిగాం. ఏ యూనివర్సిటీ అని అడగొద్దు, ఎక్కడైనా అప్పట్లో ఇదే జరిగేది. ఫైలు పదకొండు నెలలు తిరిగింది. చివరికి దాని మీద ఒక్క వాక్యం వచ్చింది. “ఈ ఖర్చుకు పద్దు లేదు.”

పద్దు లేదు! గెస్ట్ హౌస్ పరదాలకు పద్దు ఉంది, స్నాతకోత్సవం షామియానాకు పద్దు ఉంది.

క్షమించాలి. మళ్లీ అంశంలోకి వస్తాను.

బయోటెక్ పరిశోధనలకు డబ్బిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ అప్పటికి ఇంకా పుట్టలేదు, అది 2012లో వచ్చింది. ఇప్పుడు ఒక మంచి ఆలోచన ఉన్నవాళ్లకు వాళ్లు 50 లక్షల దాకా ఇస్తున్నారు. 2023లో అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ చట్టం వచ్చింది, ఐదేళ్లకు 50 వేల కోట్లు అన్నారు. అందులో 36 వేల కోట్లు ప్రైవేటు రంగం, ఇతర చోట్ల నుంచి రావాలి. సంతోషమే. కానీ ఆ గుమ్మం దాకా వెళ్లాలంటే చేతిలో కొంత ఆసుపత్రి డేటా ఉండాలి. మన జిల్లా యూనివర్సిటీల్లో ఆ మొదటి మెట్టుకే డబ్బు లేదు.

ఎంత కాలం పడుతుందో తెలియాలంటే పసిపిల్లల విరేచనాలకు అడ్డుకట్ట వేసే రోటావ్యాక్ టీకా సంగతి చూడండి. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో పురిటి పిల్లలకు ఒక రోటావైరస్ సోకింది, కానీ విరేచనాలు కాలేదు. డాక్టర్ ఎం.కె. భాన్ గారి బృందం దాన్ని పట్టుకుంది. అది టీకాగా పనిచేస్తుందని తేలింది 2013లో, దాదాపు 6,800 మంది పసిబిడ్డల మీద జరిగిన పరీక్షలో. ఆ పరీక్ష జరిగిన మూడు చోట్లలో ఒకటి మన రాయవేలూరు! చిత్తూరులో బస్సెక్కితే గంట ప్రయాణం. 2016లో ప్రభుత్వం ఆ టీకా మొదలుపెట్టిన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. ఇక్కడున్న మీలో కొందరి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఆ చుక్కలు వేసే ఉంటారు. సుమారు ముప్పై ఏళ్లు, సార్. ఆ ముప్పై ఏళ్లలో ఎవరో ఒకరు దానికి డబ్బు ఆగకుండా చూశారు.

తిరువనంతపురంలో శ్రీ చిత్ర సంస్థ ఉంది. డాక్టర్ వలియత్తాన్ గారు గుండె కవాటం ఇక్కడే తయారుచేయాలని పట్టుబట్టారు. మొదటి మూడు మోడళ్లు ఫెయిలయ్యాయి. నాలుగోదాన్ని 1990 డిసెంబర్ 6న ఒక మనిషి గుండెలో అమర్చారు. ఇప్పటికి లక్ష మందికి పైగా అది పెట్టించుకున్నారు. మూడు ఫెయిలైన మోడళ్లకు కూడా బిల్లులు పాసయ్యాయి చూశారా, నాకు అక్కడే కళ్లు చెమరుస్తాయి. మన దగ్గర ఒకటి ఫెయిలైతే ఆడిట్ అభ్యంతరం.

పైగా మనకేం తక్కువ? 1954 నుంచి ఎస్వీ యూనివర్సిటీ ఉంది. 1960 నుంచి మెడికల్ కాలేజీ, దాని పక్కన రుయా ఆసుపత్రి. స్విమ్స్ ఆసుపత్రి ఉంది, మహిళా యూనివర్సిటీ ఉంది, పశువైద్య యూనివర్సిటీ ఉంది. విరుగుడు మందు గుర్రాల రక్తం నుంచే వస్తుందని మరిచిపోకండి, పశువైద్యులు లేకుండా ఈ పని లేదు. ఏర్పేడు దాకా పోతే ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. ఇన్ని ఒక ఊరి చుట్టుపక్కల ఉన్నా, ఒకరి ల్యాబ్‌లోని వస్తువు ఇంకొకరి వార్డులోకి వెళ్లడానికి ఒక్క రూపాయి పద్దు లేదు.

నేను అడిగేది చిన్నది. ప్రతి ప్రాజెక్టు మీద యూనివర్సిటీకి ఓవర్‌హెడ్ సొమ్ము, అంటే నిర్వహణ ఖర్చుల వాటా, వస్తుంది. అందులో సగం విడిగా తీసి, ఈ మధ్యదారి పనులకే పెట్టండి. ఏడాదికి కోటి అయినా చాలు, నాలుగైదు పనులు నడుస్తాయి. నిర్ణయించే కమిటీలో వార్డులో పనిచేసే డాక్టర్ ఒకరు, తయారీ తెలిసినవాళ్లు ఒకరు కచ్చితంగా ఉండాలి. ఇస్తామనో ఇవ్వమనో 60 రోజుల్లో చెప్పేయండి. ఇవ్వమని చెప్పినా పర్వాలేదు, పిల్లలు వేరే దారి చూసుకుంటారు. పదకొండు నెలలు మాత్రం తిప్పొద్దు.

మా స్ట్రిప్ ఏమైందో చెప్పలేదు కదా. ప్రాజెక్టు అయిపోయాక డీప్ ఫ్రిజ్ మెయింటెనెన్స్ కాంట్రాక్టు కూడా అయిపోయింది. ఒక వారాంతం కరెంటు పోయింది. సోమవారం పొద్దున తలుపు తీస్తే నేలంతా నీళ్లు. యాంటీబాడీల వయల్స్ ఒక్కొక్కటి వెలుతురుకు పట్టుకుని చూశాను. అన్నీ మజ్జిగ తేటలా మసకబారాయి. నాలుగేళ్ల పని, పన్నెండు కుందేళ్లు. ఆ అమ్మాయి వాటిని తుడిచి, లేబుళ్లు చెరగకుండా మళ్లీ స్టాండులో వరసగా పెట్టింది. ఎందుకు పెట్టిందో నేను అడగలేదు.

ఆమె ఇప్పుడు బెంగళూరులో ఒక కంపెనీలో షుగర్ స్ట్రిప్పులు చేస్తోంది. నిన్న రాత్రి ఫోన్ చేశాను. “సార్, ప్రోటోకాల్ పుస్తకం నా దగ్గరే ఉంది. మళ్లీ కుందేళ్లతో మొదలుపెడితే ఆరు నెలల్లో యాంటీబాడీలు వస్తాయి. శని, ఆదివారాలు నేను వస్తాను” అంది.

వైస్ ఛాన్సలర్ గారూ, నేను రిటైరైనవాణ్ణి, నాకు ఏ పదవీ అక్కర్లేదు. ఈ సంచీలో రెండు పేజీల అర్జీ ఉంది. ఈ నిధి ఎలా నడపాలో రాశాను, మొదటి దరఖాస్తుగా ఆ స్ట్రిప్ వివరాలూ పెట్టాను. శాలువా వద్దండీ. మీ ఆఫీసు ఇక్కడికి ఐదు నిమిషాల నడక. దీని మీద ఇన్‌వర్డ్ నంబరు వేయించి, ఆ రసీదు నాకిప్పించండి. అంతవరకు నేను ఈ ముందు వరుసలోనే కూర్చుంటాను.