గీత కొట్టిన బిల్లు ఏఐ ఏజెంట్‌కి ఎందుకు కనపడలేదు?

స్క్రీన్ మీద ఉన్న ఈ షీట్ ఒకసారి చూడండి. నలభై వరుసల బిల్లుల జాబితా. కొన్ని వరుసలకు పసుపు రంగు వేసి ఉంది, రెండింటి మీద అడ్డంగా గీత కొట్టి ఉంది. గీత కొట్టినవి రద్దయిన బిల్లులని మీకెవరూ చెప్పక్కర్లేదు, చూడగానే తెలిసిపోతుంది. ఇదే ఫైలు ఒక ఏఐ ఏజెంట్‌కి, అంటే చెప్పిన పనిని తనే చేసిపెట్టే ఏఐ ప్రోగ్రామ్‌కి, ఇచ్చి, "మొత్తం ఎంత కట్టాలి?" అని అడిగాను. ఆ రెండు బిల్లులూ కలిపేసి టకటకా మొత్తం చెప్పేసింది. కూడికలో తప్పేం లేదు. దానికి ఆ గీతే కనపడలేదు.

ఎందుకంటే ఏజెంట్ మనలాగా ఎక్సెల్ తెరిచి చూడదు. చాలాసార్లు పాండాస్ అనే పైథాన్ లైబ్రరీతో నాలుగు లైన్ల కోడ్ రాసి చదువుతుంది, లేదా సీఎస్‌వీగా మార్చుకుంటుంది. సీఎస్‌వీ అంటే కామాలతో విడదీసిన అక్షరాలు, అందులో రంగుకి చోటే లేదు. మరి స్క్రీన్‌షాట్ ఇస్తే సరిపోదా అంటారేమో. చిన్న షీట్‌కైతే సరిపోతుంది. రెండు వేల వరుసలుంటే ఎన్ని బొమ్మలని ఇస్తాం?

అందుకే ఇవాళ్టి వీడియో సెల్ ఫార్మాటింగ్‌ని, అంటే గడికి వేసిన రంగు, గీత లాంటివాటిని, చదివి ఏజెంట్‌కి చెప్పే టూల్ గురించి. ఇలాంటిది మీరే రాసుకోవచ్చు. కాకపోతే లోపల ఏముందో తెలియాలి.

2007 నుంచి ఎక్సెల్ వాడుతున్న ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ ఫైలు. పేరు చివర జిప్ అని మార్చి తెరవండి, లోపల ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు, అంటే ట్యాగులతో రాసిన టెక్స్ట్ ఫైళ్లు, కనిపిస్తాయి. షీట్ ఫైల్లో సెల్ దగ్గర విలువతో పాటు ఒక చిన్న నంబర్ ఉంటుంది, 7 అనుకోండి. రంగు అక్కడ ఉండదు. ఆ 7 పట్టుకుని స్టైల్స్ ఫైల్లోకి వెళ్లాలి. అక్కడ సున్నా నుంచి లెక్కపెట్టి 7 దగ్గర చూస్తే మళ్లీ నంబర్లే: ఫాంట్ ఇంత, ఫిల్ (గడిలో నింపిన రంగు) ఇంత, బోర్డర్ ఇంత, నంబర్ ఫార్మాట్ ఇంత. ఒక్కో జాబితాలోకీ వెళ్లి వెతుక్కోవాలి. తీగ లాగితే డొంకంతా కదలడమంటే ఇదే.

రంగు దొరికిందనుకున్నాక కూడా తిప్పలే. చాలా షీట్లలో రంగు సూటిగా రాసి ఉండదు. థీమ్‌లో (ఫైలుకి పెట్టిన రంగుల సెట్‌లో) నాలుగో రంగు, దాన్ని ఇంత లేతగా చెయ్యి అని ఉంటుంది. అసలు రంగేదో థీమ్ ఫైలు తెరిచి లెక్కకట్టాలి. ఎక్సెల్ ఫైళ్లు చదివే ఓపెన్‌పైఎక్సెల్ అనే పైథాన్ లైబ్రరీ వాడేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. ఇంకో తమాషా. సెల్ నిండా ఒకే రంగు వేస్తే ఆ రంగు బ్యాక్‌గ్రౌండ్ కలర్‌లో ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. ఉండేది ఫోర్‌గ్రౌండ్ కలర్‌లో!

అన్నిటికంటే పెద్ద చిక్కు కండిషనల్ ఫార్మాటింగ్‌తో. గడువు దాటితే ఎర్రగా చూపించు అని మీరు రూల్ పెట్టారనుకోండి. మీ కంటికి సెల్ ఎర్రగానే ఉంటుంది, ఫైల్లో మాత్రం ఆ సెల్‌కి ఎరుపు అని ఎక్కడా రాసి ఉండదు. రూల్ మాత్రమే ఉంటుంది, ఎక్సెల్ తెరిచినప్పుడు లెక్కవేసి రంగు చూపిస్తుంది. కాబట్టి టూల్ ఆ లెక్క తనే వెయ్యాలి, లేదంటే ఇక్కడ రూల్ ఉందని కనీసం ఏజెంట్‌కి చెప్పాలి. ఏమీ చెప్పకుండా "రంగు లేదు" అనేసిందా, అసలు టూల్ లేకపోవడమే నయం. గూగుల్ షీట్స్‌లో ఈ బాధ తక్కువ. దాని ఏపీఐ (ప్రోగ్రాములు షీట్‌ని చదివే దారి) మనం వేసిన ఫార్మాట్‌ని, రూల్స్ అన్నీ వర్తించాక సెల్‌కి చివరికి వచ్చిన ఫార్మాట్‌ని విడివిడిగా ఇస్తుంది. మనకు కావాల్సింది రెండోది.

ఫార్మాటింగ్ అంటే రంగులే కాదండోయ్. 2024 జనవరి 1 అనే తేదీ ఎక్సెల్ ఫైల్లో 45292 అనే అంకెగా ఉంటుంది. దాన్ని తేదీగా చూపించేది నంబర్ ఫార్మాటే. అలాగే వేలల్లో చూపించే ఫార్మాట్ పెడితే 45,00,000 కాస్తా స్క్రీన్ మీద 4,500 అవుతుంది. మీరు చూసింది ఒకటి, ఏజెంట్ చదివింది ఇంకొకటి, ఇద్దరూ కరెక్టే. ఇక వాదన తెగదు.

సరే, ఇవన్నీ చదివి సెల్ సెల్‌కీ వివరం పంపిస్తే? ఏజెంట్ మెమరీ నిండిపోతుంది, టోకెన్ల (ఏఐ చదివే మాట ముక్కల) ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఒక్క షీట్‌లో 10,48,576 వరుసలు పట్టే చోట అది కుదిరే పని కాదు. "బీ2 నుంచి బీ40 వరకు పసుపు, బోల్డ్" అని ఒక్క ముక్కలో చెప్పాలి. మామూలుగా ఉన్న సెల్స్ గురించి నోరెత్తకూడదు. మెర్జ్ చేసిన సెల్స్, దాచిన వరుసలు కూడా ఇలాగే క్లుప్తంగా చెప్తే చాలు.

నేను గట్టిగా పట్టుబట్టేది ఇంకొకటి ఉంది. టూల్ రంగు చెప్పాలి, అర్థం చెప్పకూడదు. పసుపంటే పెండింగ్ అని టూల్లోనే రాసేస్తే కొంప మునుగుతుంది. ఒకరికి పసుపంటే పెండింగ్, ఇంకొకరికి సరిచూసేశాను అని. ఫైనాన్స్ మోడల్స్ చేసేవాళ్లు చేత్తో టైప్ చేసిన అంకెలకు నీలం, ఫార్ములాలకు నలుపు వాడతారు. అదీ అలవాటే, అందరూ పాటించాలనేం లేదు. షీట్‌లో ఏ మూలో రంగుల వివరం రాసి ఉందేమో ఏజెంట్ వెతకాలి, దొరక్కపోతే అడగాలి.

టూల్ తగిలించి అదే బిల్లుల షీట్ మళ్లీ ఇచ్చాను. ఈసారి గీత కొట్టిన రెండూ పక్కన పెట్టి మొత్తం చెప్పింది, అలా పెట్టానని కూడా చెప్పింది. తర్వాత ఒక ప్రశ్న వేసింది: "ఆరు వరుసలు పసుపు, ఒకటి లేత నారింజ. ఈ రెండూ ఒకటేనా?" నా కంటికి ఏడూ పసుపే. ఆ నారింజ ఎప్పుడు వేశానో, ఎందుకు వేశానో ఇప్పటికీ గుర్తు రావట్లేదు.