తూటా తగిలాక ఏం చూడాలి?

అందరికీ నమస్కారం. టెక్సస్‌లో నవంబరు వస్తే జింకల సీజన్ మొదలైనట్టే. మన తెలుగువాళ్లలోనూ లైసెన్స్ తీసుకుని వెళ్లేవాళ్లున్నారు. ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టంతో వేట దాదాపు ఆగిపోయింది కాబట్టి, మనలో చాలామంది రైఫిల్ పట్టడం ఇక్కడి షూటింగ్ రేంజ్‌లోనే (కాల్పుల సాధన మైదానంలో) నేర్చుకుంటారు. తూటా ఎక్కడ పడిందో చూసే ఆ రేంజ్ అలవాటునే అడవికి తీసుకెళ్తారు. చిక్కంతా అక్కడే.

పీఆర్ఎస్ (ప్రెసిషన్ రైఫిల్ సిరీస్) లాంటి గురి పోటీల్లో దూరంగా ఇనుప పలకలు పెడతారు. తూటా గురి తప్పి మట్టిలో పడితే దుమ్ము లేస్తుంది. ఎంత పక్కకు పోయిందో స్కోప్‌లోని గీతలతో కొలిచి, అంతా సర్దుకుని రెండోది కాలుస్తారు. ఆ గీతల కొలతను మిల్ అంటారు, అది కోణానికి కొలత. 1000 గజాల దగ్గర ఒక మిల్ అంటే ఒక గజం. అర మిల్ ఎడమకు పడితే అర మిల్ కుడికి జరగాలి, అంతే లెక్క. తూటా పడ్డ చోటు స్కోప్‌లో కనబడాలనే అక్కడ తొమ్మిది పది కిలోల రైఫిళ్లు, తక్కువగా తన్నే చిన్న తూటాలు వాడతారు. పైగా అంత దూరం పోవడానికి తూటాకు సెకనున్నర పడుతుంది, ఈలోగా తుపాకీ కుదుటపడుతుంది. సైన్యంలోనైతే స్పాటర్, అంటే తూటా ఎక్కడ పడిందో చూసి చెప్పేవాడు, పక్కనే పెద్ద స్కోప్‌తో కూర్చుంటాడు. తూటా వెళ్లిన దారిలో గాలి ఎండమావిలా కదలడం కూడా అతనికి కనబడుతుంది.

వేటలో రైఫిల్ మూడు నాలుగు కిలోలు, దూరం 200 గజాలు. పావు సెకనులో తూటా తగిలేస్తుంది, తుపాకీ ఇంకా తంతూనే ఉంటుంది. స్కోప్ 15 రెట్ల మీద ఉంటే జింక బదులు ఆకాశం కనబడుతుంది. నాలుగైదు రెట్లకు దించండి. రైఫిల్ వెనక ఒళ్లు తిన్నగా ఉంచండి. చెంప ఎత్తకుండానే బోల్ట్ (తర్వాతి తూటాను ఎక్కించే పిడి) లాగండి. మజిల్ బ్రేక్ (తన్ను తగ్గించడానికి గొట్టం కొసన బిగించేది) మాత్రం వేటకు వద్దంటాను, పక్కవాడి చెవులు పోతాయి. టెక్సస్‌లో సప్రెసర్‌తో (చప్పుడు తగ్గించే గొట్టంతో) వేట చట్టబద్ధమే, అది నయం.

ఇంతకీ చూడాల్సింది తూటా పడ్డ చోటు కాదు, జింకను. బొచ్చులో చిల్లు కనబడదు. గుండె దగ్గర తగిలితే తరచూ ఎగిరి, వెనక కాళ్లు తన్ని, నేలకు వాలినట్టు పరుగెడుతుంది. వంద గజాల లోపే పడిపోవడం మామూలు. పొట్టలో తగిలితే వీపు గూనిలా వంచి మెల్లగా నడిచిపోతుంది. అప్పుడు టెన్షన్‌లో వెంటపడకండి, కొన్ని గంటలు ఆగండి. తరిమితే ఎంత దూరమైనా పోతుంది. నేల మీద నెత్తురూ చెబుతుంది: నురగతో గులాబీ రంగైతే ఊపిరితిత్తులు, ముదురు ఎరుపైతే కాలేయం కావచ్చు, పచ్చటి పిప్పి కలిస్తే పొట్టే.

పక్కన ఫ్రెండ్ ఉంటే "అర మిల్ ఎడమ" అనే లెక్కలు అతని నుంచి అక్కర్లేదు. "ఇంకా నిలబడే ఉంది, మళ్లీ కొట్టు" అంటే చాలు. ఆ తర్వాత అది ఏ పొద దాటి మాయమైందో గుర్తుంచుకోవడం అతని పని. కాల్చిన చోటినుంచి ఒంటరిగా కనిపించిన పొద, దగ్గరికెళ్తే పది పొదల్లో ఒకటై ఉంటుంది. అందుకే కదిలే ముందు ఫోన్‌లో ఫోటో తీసుకోండి, మీరు కాల్చిన చోట నారింజ రంగు టేపు కట్టండి. జింక నిలబడ్డ చోటికి వెళ్లాక వెనక్కి తిరిగి, ఆ టేపుతో వరస కుదిరిందో లేదో చూసుకుని, అప్పుడు నెత్తురు వెతకడం మొదలుపెట్టండి.