పెళ్లికి ముందే పిల్లల తిండి

ప్రిన్సిపాల్ గారికి, జువాలజీ మేడమ్ గారికి, ఆదివారం పూట కూడా వచ్చి కూర్చున్న పిల్లలందరికీ నమస్కారం. నన్ను పిలిచినందుకు చాలా సంతోషం. మర్యాదలు ఇంతటితో ఆపుతాను, చెప్పాల్సింది చాలా ఉంది.

మేడమ్ నాకిచ్చిన అంశం ‘ఫైటర్ చేపల రకాలు, రంగులు’. రాసుకుని కూడా వచ్చాను. ఈ చేప సొంత గడ్డ థాయ్‌లాండ్. అక్కడి వరిపొలాల్లో, నీళ్లు నిలిచిన గుంటల్లో బతికేది. వాళ్లు దీన్ని ప్లా కాట్ అంటారు, కరిచే చేప అని. 1910లో చార్లెస్ టేట్ రీగన్ అనే శాస్త్రవేత్త బెట్టా స్ప్లెండెన్స్ అని పేరు పెట్టాడు. 2019లో థాయ్ ప్రభుత్వం దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించుకుంది. తోక అర్ధచంద్రంలా విచ్చుకుంటే హాఫ్‌మూన్, కిరీటం ముళ్లలా చీలి ఉంటే క్రౌన్‌టెయిల్, పొట్టి తోకది ప్లకాట్.

రంగుల సంగతి ఇక్కడితో వదిలేస్తున్నాను, మేడమ్ క్షమించాలి. ఇందాక మెట్లెక్కుతుంటే ఒకబ్బాయి ఎదురొచ్చి అడిగాడు: “ఆంటీ, మా ఇంట్లో జోడీ ఉంది, రేపు కలపమంటారా?” పిల్లలు పుడితే ఏం పెడతావ్ నాన్నా అన్నాను. “షాపులో పౌడర్ కొన్నానండి” అన్నాడు. ఆ మాట విన్నాక రాసుకొచ్చిన కాగితాలు మడిచి బ్యాగులో పెట్టేశాను. ఆ పౌడర్ కథే ఇవాళ మీకు చెప్పాలి.

పదకొండేళ్ల కిందటి మాట. మా ఇంట్లో ఒక నీలం మగచేప, ఒక ఎర్రటి ఆడచేప ఉండేవి. జత కట్టిద్దామని ఒక ప్లాస్టిక్ టబ్బులో అయిదంగుళాల నీళ్లు పోశాను. క్లోరిన్ పోవాలని ఆ నీళ్లు ముందు రోజే పట్టి ఉంచాను. పెరట్లో బాదం చెట్టు ఉంది. మన వీధుల్లో గొడుగులా పెరిగే చెట్టే. రాలిన ఎండాకు ఒకటి కడిగి అందులో వేశాను. నీళ్లు పల్చటి టీ రంగుకి వచ్చాయి. థాయ్‌లాండ్‌లో చేపలు పెంచేవాళ్లూ ఈ ఆకే వాడతారు. మనం రోజూ ఊడ్చి పారేసే ఆకు అది.

మగచేపను టబ్బులో వదిలి, ఆడదాన్ని గాజు సీసాలో ఉంచి మధ్యలో పెట్టాను. తెల్లారేసరికి మగచేప ఒక మూలన నురగతో గూడు కట్టేసింది. ఆడచేప ఒంటి మీద నిలువు చారలు తేలాయి. అంటే సిద్ధంగా ఉందన్నమాట. వదిలాను. కాసేపు తరుముకున్నాయి, రెక్కలు చిరిగాయి, నాకు ఒకటే టెన్షన్. మధ్యాహ్నానికి మగచేప ఆడచేపను విల్లులా వంగి చుట్టుకుంది. తెల్లటి గుడ్లు మెల్లగా కిందికి రాలుతుంటే, అది ఒక్కొక్కటే నోటితో పట్టుకుని పైకెళ్లి గూటిలో అంటించింది. మా అమ్మ కుర్చీ లాక్కుని టబ్బు పక్కనే కూర్చుంది. “తండ్రే పురుడు పోస్తున్నాడే!” అంది.

గుడ్లు పెట్టడం అయిపోగానే ఆడచేపను తీసేశాను. అలాగే ఉంచితే మగచేప దాన్ని కొట్టి చంపినా చంపుతుంది. ఇక తండ్రిదే కాపలా. ఒకటిన్నర రోజుకి పిల్లలు బయటపడ్డాయి. నువ్వుగింజకి తోక మొలిచినట్టున్నాయి. తోకలు కిందికి పెట్టి గూటికి వేలాడుతున్నాయి. జారి పడిన ప్రతి పిల్లనూ తండ్రి నోట్లో పెట్టుకుని తెచ్చి మళ్లీ గూటిలో వదులుతున్నాడు. మగచేప పిల్లల్ని తినేస్తుందని చాలామంది అంటారు. భయపెడితే, పదేపదే మూత తీసి చూస్తే తింటుంది, నిజమే. చెడిపోయిన గుడ్లనూ తింటుంది, మిగతా వాటికి బూజు పట్టకుండా. కానీ ఆ రోజుల్లో ఆ చేప పడిన కష్టం నేను కళ్లారా చూశాను. దాన్ని పిల్లల్ని మింగే చేప అంటే నేను ఒప్పుకోను.

గూడు వదిలి అడ్డంగా ఈదడం మొదలెట్టాక, పద్ధతి ప్రకారం తండ్రినీ తీసేశాను. రెండొందలకు తక్కువ లేవు పిల్లలు. ఇక వాటికి నేనే దిక్కు. షాపతను చెప్పినట్టు రోజుకు మూడుసార్లు పౌడర్ చల్లాను. “ఇదొక్కటీ చాలు మేడమ్, ఇంకేమీ అక్కర్లేదు” అన్నాడు. నమ్మాను.

అయిదో రోజు కొన్ని అడుగుకి చేరాయి. ఆరో రోజు ఇంకొన్ని. భూతద్దం పెట్టి చూశాను. పొట్టలు లోపలికి అతుక్కుపోయి ఉన్నాయి. అడుగున నేను చల్లిన పౌడర్ అంతా తెల్లటి బూజులా పేరుకుపోయి ఉంది. తిండి మధ్యలోనే ఉండి ఆకలితో పోతున్నాయి. అమ్మ అడిగింది: “తిండి పెడుతూనే ఉన్నావు కదే, మరెందుకు పోతున్నాయి?” నా దగ్గర జవాబు లేదు. తొమ్మిదో రోజుకి టబ్బు ఖాళీ అయింది. ఆ టబ్బు కడగడానికి నాకు వారం పట్టింది.

జవాబు తర్వాత తెలిసింది. పుట్టుకతో ఉన్న పచ్చసొన సంచి కరిగిపోయాక ఆ పిల్లలకి కదిలే తిండి కావాలి. కదలనిదాన్ని అవి తిండిగా గుర్తుపట్టవు. పైగా ఆ నోటికి పట్టేంత చిన్నదై ఉండాలి. పౌడర్ కదలదు, మునిగి కుళ్లిపోతుంది, నీళ్లు పాడుచేస్తుంది. ఉడికించిన గుడ్డు పచ్చసొన వేసినా అంతే.

ఇంటర్‌లో గడ్డి నానబెట్టిన నీళ్లలో పారమీషియం చూసినవాళ్లు చేతులెత్తండి. చూశారా, ఎంతమందో! మార్కుల కోసం మైక్రోస్కోప్ కింద చూసిన ఆ చుక్కే ఈ పిల్లలకి మొదటి అన్నం. చెరువు నీళ్లు ఒక సీసాలో పట్టి, గుప్పెడు ఎండుగడ్డి గానీ అరటితొక్క ముక్క గానీ వేసి నీడలో ఉంచండి. ముందు నీళ్లు పాలలా తెల్లబడి కంపు కొడతాయి. అప్పుడే పారబోయకండి, అందరూ చేసే తప్పు అదే. అయిదారు రోజులకి మళ్లీ తేటపడతాయి. అప్పుడు వెలుతురుకి పెట్టి చూస్తే దుమ్ములా కదులుతూ కనిపిస్తాయి.

అయిదారు రోజులు అన్నాను, గమనించారా? గుడ్డు పెట్టాక పిల్ల ఈదడానికి పట్టేది నాలుగు రోజులు. అంటే పిల్లలు పుట్టాక సీసా పెడితే ఆలస్యమైపోయినట్టే. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనం ఎగతాళి చేస్తాం. ఈ చేపల దగ్గర సోమలింగానికి ఉగ్గు ముందే కలిపి పెట్టుకోవాలి. జోడీని కలపడానికి వారం ముందు గడ్డి సీసా పెట్టండి.

నాలుగైదు రోజులు ఆ గడ్డి నీళ్లు పిల్లలకి పెట్టాక ఆర్టీమియా, అంటే ఉప్పునీళ్లలో బతికే రొయ్యలాంటి చిన్న జీవి పిల్లలు. మా తమ్ముడు అప్పట్లో కాకినాడ పక్కన సముద్రం ఒడ్డున రొయ్య పిల్లల హ్యాచరీలో పనిచేసేవాడు. నా టబ్బు కథ విని పగలబడి నవ్వాడు. “అక్కా, మేం సీడుకి పెట్టేది ఇదే” అని ఒక చిన్న డబ్బాలో గోధుమరంగు పొడి తెచ్చిచ్చాడు. అది పొడి కాదు, ఎండిన గుడ్లు. అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ లాంటి ఉప్పు సరస్సుల్లో తీసేవి. లీటరు నీళ్లకి పాతిక, ముప్పై గ్రాముల ఉప్పు కలిపి, గాలి మోటరు పెడితే ఒక రోజులో పిల్లలొస్తాయి. ఒక పక్క టార్చి వేస్తే అన్నీ వెలుతురుకి చేరతాయి. వాటిని వడగట్టి, మంచినీళ్లతో కడిగి వేయాలి. అవి తిన్న చేపపిల్ల పొట్ట నారింజరంగుకి తిరుగుతుంది. రెండో విడతలో మొదటిసారి ఆ రంగు పొట్టలు చూసి అమ్మను కేకేశాను. పరుగున వచ్చింది. ఆ విడతలో అరవై మూడు పెరిగాయి.

ఇంకో మాట. కొరమీను పైకొచ్చి గాలి మింగడం చూసే ఉంటారు. ఈ చేపా అంతే, కానీ ఆ గాలి పీల్చే అవయవం మూడు నాలుగు వారాల వయసులో గానీ ఏర్పడదు. అప్పుడు చల్లగాలి తగిలితే పోతాయి. టబ్బుకి మూత ఉండాలి, నీళ్ల మీద గాలి వెచ్చగా, చెమ్మగా ఉండాలి. ఫ్యాన్ కింద పెట్టకండి. దయచేసి పెట్టకండి.

మూడు నెలలకి మగపిల్లలు కొట్టుకోవడం మొదలెడతాయి. ఒక్కోదానికి ఒక్కో సీసా కావాలి. ముప్పై మగచేపలుంటే ముప్పై సీసాలు, రోజూ నీళ్లు మార్చడం. ఆ ఓపిక లేకపోతే ఒక్క చేపనే ప్రేమగా పెంచుకోండి, అందులో తక్కువేమీ లేదు. మెట్ల దగ్గర కనిపించిన అబ్బాయీ, ఎక్కడున్నావ్? రేపు కలపకు నాన్నా. ఆ పౌడర్ పక్కన పెట్టు, ముందు గడ్డి నానబెట్టు.

పన్నెండు చిన్న డబ్బాలు తెచ్చాను. ఓట్స్ ముద్దలో చిటికెడు ఈస్ట్ వేసి పెంచిన సన్న పురుగులు ఇవి, మైక్రోవార్మ్స్ అంటారు. డబ్బా గోడల మీదికి పాకుతాయి, వేలితో తీసి నీళ్లలో వేయడమే. గడ్డి సీసా సరిగా రాకపోతే ఇవి ఆదుకుంటాయి. ఇంట్లో జోడీ ఉన్నవాళ్లు వరసగా రండి. మూతకి చిల్లులు పెట్టాను, గట్టిగా బిగించకండి.