మీ గడ్డి లోడు ఎత్తెంత?

శ్రోతలందరికీ నమస్కారం.

హైదరాబాద్ చుట్టూ ఉన్న అవుటర్ రింగ్ రోడ్డు మీద మీలో చాలామంది ప్రయాణం చేసే ఉంటారు. 158 కిలోమీటర్ల రోడ్డది. దాని మీదికి ఎక్కడపడితే అక్కడ ఎక్కలేం, ఎక్కడపడితే అక్కడ దిగలేం. ఎక్కడానికీ దిగడానికీ కొన్ని చోట్లే ఉంటాయి. వాటినే ఇంటర్‌ఛేంజ్ అంటాం. ఇప్పుడు దానికి అవతల రీజినల్ రింగ్ రోడ్డు ప్లాన్ చేశారు, మనం ట్రిపుల్ ఆర్ అంటున్నదే. సంగారెడ్డి వైపు నుంచి తూప్రాన్, గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ దాకా ఉత్తర భాగమే దాదాపు 160 కిలోమీటర్లు. దాని మీదా ఇలాంటి ఇంటర్‌ఛేంజులే ఉంటాయి.

కారులో పోయేవాళ్లకు ఇంటర్‌ఛేంజ్ అంటే రెండు నిమిషాల మలుపు. ఆ పక్క ఊరివాళ్లకు అది పదుల ఎకరాల భూమి. భూమి పోనివాళ్లకు కూడా ఊరికీ పొలానికీ మధ్య ఎత్తైన మట్టికట్ట లేస్తుంది. ఆ కట్ట కింద నుంచి దారి ఎక్కడ ఇస్తారు, ఎంత ఎత్తులో ఇస్తారు? ఈ రోజు నేను మాట్లాడాలనుకున్నది ఈ ఒక్క ప్రశ్న గురించే.

మా మేనమామ వాళ్ల ఊరు నల్గొండ వైపు. కొన్నేళ్ల కిందట ఆ ఊరి పక్కన హైవే పనికి డిజైన్ చేస్తూ పంచాయతీ ఆఫీసులో మీటింగ్ పెట్టారు. ఆ రోజు నేను ఊళ్లోనే ఉన్నాను, వెళ్లాను. గోడకు పెద్ద మ్యాపు అంటించారు. ఎర్ర గీతలు, నీలం గీతలు, వాటి పక్కన ఏవో నంబర్లు. ఇంజనీరు గారు ఓపిగ్గానే వివరించారు. చివర్లో "ఏమైనా అభ్యంతరాలున్నాయా?" అని అడిగారు. ఎవ్వరూ నోరు తెరవలేదు. ఆ మ్యాపులో వాళ్లకు తెలిసినదేదీ కనబడలేదు మరి. చింతచెట్టు లేదు, పోచమ్మ గుడి లేదు. ఇక ఏమని చెప్తారు?

అప్పుడు వెనక వరసలోంచి ఒక ట్రాక్టర్ డ్రైవర్ లేచాడు.

"సార్, రోడ్డు కింద నుంచి మాకిచ్చే తొవ్వ ఎత్తెంత?"

"నాలుగు మీటర్లు."

"అడుగుల్ల చెప్పండి సార్."

"పదమూడు."

అతను ఇంకేమీ అనకుండా కూర్చున్నాడు.

వారం తర్వాత మళ్లీ మీటింగ్ అయింది. ఈసారి అతను పొడుగాటి వెదురు బొంగు ఒకటి భుజాన వేసుకుని వచ్చాడు. లోపలికి పట్టకపోతే అందరినీ బయటికి పిలిచి వేపచెట్టు కింద దాన్ని నిలబెట్టాడు. బొంగుకు రెండు చోట్ల ఎర్ర దారం కట్టి ఉంది.

"కింది దారం మీరిచ్చే తొవ్వ సార్. మీది దారం నా వరిగడ్డి లోడు. నిన్న టేపు పెట్టి కొలిచిన, పదిహేనడుగులున్నది. ఇది అండ్ల పట్టది. మరి నేనెటు పోవాలె?"

ఇంజనీరు గారు తలెత్తి ఆ పై దారం వైపే కాసేపు చూశారు. ఆ తర్వాత మాటలే మాటలు! అంతకుముందు నోరు మెదపనివాళ్లంతా బొంగు చుట్టూ చేరారు. కోతల మిషన్ ఎటు నుంచి రావాలని ఒకరు. గొర్లమంద ఎటు మళ్లుతుందని ఇంకొకరు. ఒకావిడ అయితే నేల మీద పుల్లతో గీసి మరీ చూపించింది: "చెరువు అలుగు పారితే నీళ్లు ఈడికెల్లే వస్తయి సారూ. మోకాళ్ల దాకా నిలుస్తయి. తొవ్వ ఈడ పెడితే మేం ఈదుకుంట పోవాల్నా?" సర్వే చేసింది ఎండాకాలంలో. అప్పుడక్కడ చుక్క నీరు లేదు. డ్రాయింగు గీసినవాళ్లకు ఎలా తెలుస్తుంది?

దారి ఎత్తు పెంచడం చెప్పినంత తేలిక కాదు. దాని మీద రోడ్డు కూడా లేవాలి, అటూ ఇటూ చాలా దూరం మట్టికట్ట పెంచాలి, ఖర్చు పెరుగుతుంది. ఇంజనీరు గారు ఆ మాట దాచకుండా చెప్పారు. చెప్పి, అన్నీ రాసుకుని వెళ్లారు. చివరికి ఒక దారిని పెద్ద వాహనాలు పట్టేలా ఐదున్నర మీటర్లకు పెంచారు. అంటే పద్దెనిమిది అడుగులు. గడ్డి లోడు హాయిగా పోతుంది. కానీ రెండో బండ్లబాట మూసుకుపోయింది. దాని మీద ఆధారపడ్డ నాలుగు కుటుంబాలు ఇప్పటికీ మూడు కిలోమీటర్లు చుట్టూ తిరిగి పొలానికి పోతున్నాయి. వాళ్లు ఆ రెండు మీటింగులకూ రాలేదు. పిలవాలని మాకూ తోచలేదు. నాకది ఇప్పటికీ బాధే.

ఈ ప్రసంగం వింటున్న అధికారులు ఎవరైనా ఉంటే ఒక్క మనవి. "అభ్యంతరాలున్నాయా?" అని అడిగితే జనం బిగుసుకుపోతారు. "మీరు పొలానికి ఎటు నుంచి పోతారు?" అని అడగండి. కట్ట ఎక్కడి నుంచి ఎక్కడి దాకా వస్తుందో నేల మీద ముగ్గు పోసి చూపించండి. మ్యాపు చదవలేని మనిషి కూడా ఆ ముగ్గు గీత పక్కన నిలబడితే అరగంటలో పది సంగతులు చెప్తాడు.

ఇక మన వంతు. జాతీయ రహదారికి భూమి తీసుకోవాలంటే ముందు గెజిట్‌లో నోటిఫికేషన్ ఇస్తారు. దాని సారాంశం రెండు పేపర్లలో వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషది. పేజీ నిండా సర్వే నంబర్లతో, కళ్లు చికిలించి చదవాల్సిన అక్షరాలతో వచ్చే ప్రకటన అదే. ఆ భూమిలో హక్కున్నవాళ్లు 21 రోజుల్లోగా అభ్యంతరం రాసివ్వవచ్చు. రాసిచ్చినవాళ్లను అధికారి పిలిచి వినాలి. 21 రోజులే. పేపర్లో చూసిన రోజు నుంచి కాకుండా గెజిట్ తేదీ నుంచి లెక్క వేసుకుంటే మంచిది.

పర్యావరణ అనుమతి అవసరమైన పెద్ద రోడ్లకు ప్రజాభిప్రాయ సేకరణ కూడా ఉంటుంది. కనీసం 30 రోజుల ముందు ప్రకటించాలి. ఆ ప్రాంతంలో ఇబ్బంది పడే వాళ్లెవరైనా అక్కడ మాట్లాడవచ్చు, సొంత భూమే ఉండక్కర్లేదు. కౌలు రైతులు, గొర్రెల కాపరులు తప్పకుండా వెళ్లండి. చివర్లో ఎవరేం మాట్లాడారో రాసింది అక్కడే స్థానిక భాషలో చదివి వినిపించాలి. అది వినే దాకా కదలకండి. మీ మాట అందులో లేకపోతే అక్కడే లేచి చెప్పండి.

కానీ పేపర్లో నంబర్లు వచ్చేసరికి డ్రాయింగు చాలావరకు అయిపోయి ఉంటుంది. గీత ఇటో అటో జరిగేది అంతకుముందే, సర్వే వాళ్లు రాళ్లు పాతి రంగు పూసే రోజుల్లో. కాబట్టి మీ పొలం గట్టున కొత్తగా అలాంటి రాయి కనబడితే పంచాయతీకి వెళ్లి అడగండి. టేపు తీసి మీ లోడు ఎత్తు, మీ మిషన్ వెడల్పు కొలవండి. వానాకాలంలో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో రాయండి. అర్జీ రెండు కాపీలు చేసి, ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకుని దాచుకోండి. వెళ్లేటప్పుడు దారిలో ఆ నాలుగు కుటుంబాల లాంటి వాళ్ల తలుపు కూడా తట్టండి.

నమస్కారం.